హోల్డాన్ గిడియోన్

గిడియోన్ గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు: ఆగడం. మెదక్‌లో అందరూ ఎక్కడికో చేరడానికి ఇల్లు కదులుతారు. ఆయన ఆగడానికి కదులుతారు. పొద్దున కరివేపాకు కోసం మార్కెట్‌కు వెళితే అది పప్పు తాలింపుకు అందదు, రాత్రి చారుకు అందుతుంది. మధ్యలో ఆయన ఆగిన చోట్లన్నీ కలిపితే శంకరంపేట దాకా ఒక బస్సు రూటు వేయొచ్చు.

రూటు అన్న మాట ఊరికే రాలేదు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ, దాని మాటలు రెండు నోట్లోనే ఉండిపోయాయి. ఆగాలంటే "హోల్డాన్!" కదలాలంటే "రైట్ రైట్!" రెండో మాట మీద దుమ్ము పేరుకుపోయిందని, మొదటిది మాత్రం రోజూ తోమిన ఇత్తడి చెంబులా మెరుస్తుందని ఊళ్లో అనుకుంటారు.

"ఇప్పుడొచ్చిన రోగం కాదమ్మా," అంటుంది ఆయన భార్య క్రిస్టినా. "మా పెండ్లినాడు చర్చి గుమ్మం కాడ నుంచి పాస్టరు గారి దాక రానికె గీయనకు ఎంతసేపు పట్టిందో ఎరికేనా? వాళ్లమ్మ చెయ్యి పట్టుకొని బెంచీ బెంచీకి ఆగుడే. పాట అయిపోయింది, మళ్లా మొదటి నుంచి పాడిండ్రు. ముందటి బెంచీలోళ్లు పెండ్లి రద్దయిందేమో అనుకున్నరు."

ఇది చాలదన్నట్టు, నడిచే ఆ కాస్త దూరమూ ఆయన వెనక్కి నడుస్తారు. బతుకంతా డ్రైవరుకు వీపు చూపించి, ప్యాసింజర్ల మొహాలు చూస్తూ బతికిన మనిషి మరి. పదిమందితో వెళుతుంటే ముందు ఆయనే ఉంటారు. కానీ మొహం ఇటు, వీపు అటు. అందుకే ఆయన చొక్కాల వెనక వైపు ఎప్పుడూ రెండు మూడు తుమ్మముళ్లు దిగి ఉంటాయి.

ఇలాంటి మనిషిని ఎవరైనా దారి చూపించమంటారా? మెదక్ వాళ్లు అన్నారు.

ఎల్దుర్తి రోడ్డులో ఊరు దాటాక ఎడమకు దిగితే ఒక కాలిబాట. తుమ్మచెట్ల నడుమ నుంచి, ఎండిన వాగు మీదుగా చిన్న గుట్ట ఎక్కుతుంది. గుట్ట మీద పాత ఇటుకల దిబ్బ. ఎప్పుడో ఎవరో వచ్చి తవ్వి చూసి, బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు కావచ్చని చెప్పి, నీలం రంగు బోర్డు ఒకటి పాతి వెళ్లిపోయారు. ఆ బోర్డుకు ఇప్పుడు మేకలు వీపు గోక్కుంటున్నాయి. ఆదివారం పొద్దున, పెద్ద చర్చి గంట చప్పుడు పొలాల మీద పల్చటి దుప్పటిలా పరుచుకునే వేళ, ఊళ్లోని కొందరు ఆ బాట పట్టి నడుస్తారు. బుద్ధుడి బాట అని పేరు పెట్టుకున్నారు. మామూలు మనిషికి గంట దారి. గిడియోన్ గారి వెంట వెళితే, బయల్దేరినప్పుడు పొడుగ్గా ఉన్న నీడలు పాదాల కిందికి వచ్చి ముడుచుకున్నాక గుట్ట కనిపిస్తుంది.

ఆ నడకలో ఆయనకు ఒకే ఒక శత్రువు. రషీదా టీచర్.

రషీదా సర్కారు బడిలో సోషల్ చెప్పి రిటైరైంది. తప్పు చరిత్ర చెవిన పడితే ఆమెకు పంటి కింద రాయి పడ్డట్టుంటుంది. నల్లబల్ల మీద తప్పు సంవత్సరం వేసిన పాపానికి ఒకసారి తనకు తానే గోడకుర్చీ వేసుకుందని ఆమె పాత విద్యార్థులు చెబుతారు. నిజమో కాదో గానీ, విన్నవాళ్లెవరూ నమ్మకుండా ఉండలేదు.

అలాంటి మనిషి అబద్ధాల వెంట ఆదివారమాదివారం ఎందుకు నడుస్తున్నట్టు? మొగుడి కోసం.

ఆమె భర్త అబ్దుల్ షేర్వానీలు కుట్టే దర్జీ. వయసులో ఉన్నప్పుడు ఊరి ఫుట్‌బాల్ జట్టులో ఆడాడు. "ఖిల్లా మీదికి ఒక్క దమ్ముల ఎక్కినోన్ని" అనే మాట కొలతలు ఇవ్వడానికి వచ్చిన ప్రతి పెళ్లికొడుకూ విని తీరాల్సిందే. కిందటేడు గుండెకు ఆపరేషన్ అయింది. నడవండి, నడవకపోతే కష్టం, కానీ దమ్ము చూసుకుని ఆగుతూ నడవండి అన్నాడు దవాఖాన డాక్టరు. ఆ మాటలో మొదటి సగమే అబ్దుల్ చెవికెక్కింది.

గ్రౌండ్‌లో నడవడానికి వెళితే ఒకడు "అలసిపోయిండ్రా చాచా?" అన్నాడు. అబ్దుల్ వాడి కళ్లముందే ఒక చుట్టు పరుగెత్తి ఇంటికొచ్చి పడుకున్నాడు. మళ్లీ గ్రౌండ్ మొహం చూడలేదు. చెరువు కట్ట మీద దోస్తులు ప్రేమగా కుర్చీ తెచ్చి వేశారు. ఆ దోస్తులతో మాటలు బంద్. మూడోసారి రషీదాయే తోడు వెళ్లి, "అజీ, జర ఆగుదమా?" అంది. అబ్దుల్ రెండు రోజులు అన్నం దగ్గర తప్ప ఇంకెక్కడా నోరు తెరవలేదు. ఆ తర్వాత నెలల తరబడి సోఫాలో కూర్చుని, టీవీలో వేరేవాళ్లు పరుగెత్తడం చూశాడు.

అతను తిరిగి గడప దాటింది ఈ బుద్ధుడి బాట కోసమే. అదీ ఒక షరతు మీద. "నువ్వు ముందట నడువు. ఎనుకకు మర్లి చూడొద్దు. చూసినవా, అక్కడి నుంచే వాపస్." రషీదా ఒప్పుకుంది. చీటికిమాటికి వెనక్కి తిరగాలనిపించే మెడను దుపట్టాతో బిగించి, ముందు వరసలో గిడియోన్ గారికి ఎదురుగా నడిచేది. అలా ఆయన అబద్ధాలన్నీ నేరుగా ఆమె మొహానే పడేవి.

మొదటి హోల్డాన్ రోడ్డు దిగగానే. ఎవరి జోలికీ పోకుండా పడి ఉన్న ఒక బండ దగ్గర.

"హోల్డాన్! భిక్షువులు పొద్దుగాల్నే లేచి గీ బండ మీద కూసొని తలలు దువ్వుకునేటోళ్లు."

"గుండుకు దువ్వెన ఎందుకు సార్?"

"కొత్తగ చేరినోళ్లు ఉంటరు గద టీచరమ్మా. అలవాటు గంత జల్ది పోతదా?"

బ్యాంకులో పనిచేసే సుమన చేతి గడియారం చూసుకుని మూలిగింది. అది అడుగులు లెక్కపెట్టే గడియారం. "సార్, జర కదులుండ్రి. నేను నిద్ర పోతున్న అనుకుంటుంది నా వాచ్."

"రైట్ రైట్!" అనేవారు గిడియోన్ గారు. ఆ రైట్ తర్వాతి బండ దాకానే.

ఒకసారి మేకలు కాసే ఆగమ్మ ఎదురైంది. ఆయన అప్పుడే ఒక పలకరాయి ఎక్కి, "హోల్డాన్! గురువు గారు కూసొని ధర్మం చెప్పిన గద్దె ఇదే" అంటున్నారు.

"గది మా మేకలకు ఉప్పు పెట్టే బండ సారూ," అంది ఆగమ్మ.

"మీ మేకల కంటే ముందు ఎవరికి పెట్టిండ్రు?"

"మా అత్త మేకలకు."

"అంతకు ముందు?"

"నాకేం ఎరిక?"

"నేను గదే చెప్తున్న," అన్నారు గిడియోన్ గారు, గెలిచినవాడిలా అందరి వైపూ చూస్తూ.

వెనక నుంచి అబ్దుల్ నవ్వు వినిపించేది. ఎప్పుడూ ఒక జోకు ఆలస్యంగా వచ్చేది ఆ నవ్వు. షేర్వానీ రెండు రోజుల్లో కుట్టే మనిషికి జోకు అర్థం కావడానికి ఇంతసేపా అని రషీదా లోలోపల విసుక్కునేది.

అన్నిటికన్నా పెద్ద అబద్ధం బుద్ధుడిది.

"హోల్డాన్! బుద్ధుడు స్వయంగ వచ్చి కూసున్న జాగా ఇది."

"బుద్ధుడు మెదక్‌కే రాలేదు సార్!"

"ఆ దినం మీరు సెలవు పెట్టిండ్రేమో."

"సరే, వచ్చిండే అనుకుందం. పోయిన ఆదివారం వాగు ఇవతల కూసున్నడన్నరు. ఈ ఆదివారం అవతల ఎట్ల కూసున్నడు?"

గిడియోన్ గారు ఆకాశం వైపు చూశారు. "ఎండ కొడ్తున్నది గద. నీడకు జరిగిండు."

అందరూ నవ్వారు. రషీదా నవ్వలేదు. ఆ బుద్ధుడు అక్కడ కూడా నిలవలేదు. ఒక వారం ముందుకు, ఒక వారం వెనక్కి, ఒకసారి చింతచెట్టు దాటి, ఇంకోసారి దానికి ఇవతలే. అబద్ధం చెప్పేవాడు కనీసం దాని అడ్రసైనా గుర్తుపెట్టుకోవాలి కదా! బుద్ధుడు ఎప్పుడెప్పుడు ఎక్కడెక్కడ కూర్చున్నాడో ఆమె మాత్రం వారం వారం మనసులో పెట్టుకుంది, వకీలు సాక్ష్యాలు పోగుచేసుకున్నట్టు.

ఇంటికొస్తే ఇంకో చికాకు. ప్రతి ఆదివారం నడిచి వచ్చేసరికి అబ్దుల్ అంగీ రెండో గుండీ వదులై వేలాడేది. దర్జీ ఇంట్లో దర్జీ అంగీకే వారం వారం గుండీ కుట్టాల్సి రావడం ఎంత నామోషీ! "ఇప్పటి దారాలల్ల జీవం లేదు," అనేవాడు అబ్దుల్. రషీదా నమ్మేది. ఇంటి విషయాల్లో ఆమెకు ఆధారాలు అక్కర్లేదు.

బుద్ధ పూర్ణిమ దగ్గరికొచ్చింది. హైదరాబాద్ నుంచి ఒక నడక బృందం వస్తామని ఫోన్ చేసింది. నచ్చితే ఇంకా చాలామందిని తెస్తారట. రషీదా గుండెల్లో రాయి పడింది. సిటీ వాళ్ల ముందు దువ్వెన బండా? ఉప్పు గద్దెనా? నీడకు జరిగే బుద్ధుడా?

ముందురోజు నేరుగా గిడియోన్ గారింటికి వెళ్లింది.

"సార్, రేపు ముందట నేను నడుస్త. మీరు ఆఖరుకు రాండ్రి. ఒక్క హోల్డాన్ వినపడొద్దు. ఊరి ఇజ్జత్ సవాల్."

గిడియోన్ గారి మొహం టైర్లో గాలి దిగినట్టు దిగింది. "టీచరమ్మా, జర ఆలోచించుండ్రి. వాగు కాడ ఒక్కటి..."

"ఒక్కటి గూడ లేదు."

"గుట్ట కింద..."

"లేదన్న కదా!"

ఆయన ఆమె వైపు కుర్చీ జరిపారు. తర్వాత మెల్లగా, "సరే. ఎనక సీటు కండక్టరుదే గద," అన్నారు. క్రిస్టినా ఇచ్చిన చాయ్ తాగుతూ రషీదా గెలిచానని అనుకుంది. చాయ్‌లో చక్కెర కూడా సరిగ్గా పడింది.

పూర్ణిమ పొద్దున అందరూ రోడ్డు దిగారు. వెలుగు ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు. తుమ్మపూలు మసకలో పసుపు చిటికెల్లా ఉన్నాయి. సిటీ వాళ్లలో ముందు నడుస్తున్న టోపీ ఆయన ఉత్సాహంగా అడిగాడు.

"మేడమ్, ఈ రాయికేమైనా కథ ఉందా?"

"లేదు."

"ఆ చెట్టుకి?"

"అది తుమ్మచెట్టు."

దారిలో నిజానికి ఏమీ లేదు. రషీదా వచ్చిందే నిజం చెప్పడానికి కాబట్టి, ఏమీ లేదనే చెప్పింది. గుట్ట మీద చెప్పాల్సిన అసలు చరిత్ర కూడా ఆమె దగ్గర సిద్ధంగా ఉంది: "ఇవి పాత ఇటుకలు. బౌద్ధులవి కావచ్చు. ఖాయంగా చెప్పలేం." నిజం అంత పొట్టిగా ఉంటుందని ఆమెకు కూడా ఆ పొద్దే తెలిసింది. మాటలు లేవు కనుక కాళ్లు పరుగెత్తాయి. సుమన గడియారం టింగుమని మోగి ఆమెను అభినందించింది.

వాగు ఇసుకలో దిగుతుండగా వెనక నుంచి కేక. "హోల్డాన్!"

"రైట్ రైట్!" అని రషీదా తిరక్కుండానే అరిచింది. సిటీ వాళ్లు పకపకా నవ్వారు. ఆమెకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

గుట్ట మొదట్లో మళ్లీ. "టీచరమ్మా! హోల్డాన్!"

"రైట్!"

అబ్దుల్ నవ్వు మాత్రం వినిపించలేదు. ఈసారి ఒక జోకు ఆలస్యంగా కూడా రాలేదు.

ఇంకో మలుపు తిరిగేసరికి వెనక దబ్బుమని చప్పుడు. "అమ్మో! పోయింది! నా కాలు పోయింది!"

అందరూ ఆగిపోయారు. రషీదా కోపంగా దిగివచ్చింది. బాటకు అడ్డంగా గిడియోన్ గారు కాళ్లు చాపుకుని కూర్చుని ఎడమ మడమ రుద్దుకుంటున్నారు.

"ఏ కాలు సార్?"

"గిదే, బెణికింది," అంటూ ఆయన కుడి మడమ రుద్దడం మొదలుపెట్టారు.

ఇక దులిపేద్దామని ఆమె నోరు తెరిచింది. తల ఎత్తింది. అప్పుడు, షరతు మరిచిపోయి, వెనక్కి చూసింది.

కాస్త దూరంలో అబ్దుల్ ఒక తుమ్మ మొద్దుకు ఆనుకుని ఉన్నాడు. ముళ్లు గుచ్చుకుంటున్న సంగతి కూడా తెలిసినట్టు లేదు. మొహం కొత్తగా సున్నం వేసిన గోడలా ఉంది. కుడిచెయ్యి రొమ్ము మీద, రెండో గుండీని పట్టుకుని తిప్పుతోంది, తిప్పుతోంది. ఊపిరి లోపలికి లాగడానికి అదే తిరగలి పిడి అన్నట్టు. చివరికి గుండీ ఊడి, అక్కడ బాట కాస్త ఇటువైపే వాలి ఉండటంతో దొర్లుకుంటూ వచ్చి ఆమె చెప్పు దగ్గర ఆగింది.

ఆమె చటుక్కున తల తిప్పుకుంది. ఎదురుగా గిడియోన్ గారు. మొట్టమొదటిసారి ఆయన అబద్ధం లేని మొహంతో ఉన్నారు.

"నేను పల్లెవెలుగు బండిల చేసినోన్ని టీచరమ్మా," అన్నారు చిన్నగా. "స్టేజీ ఉన్నా లేకున్నా, చెయ్యి లేస్తే ఆపాలె."

రషీదా గుండీ తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది. ఆమె పోగుచేసిన సాక్ష్యాలన్నీ ఒక్కసారిగా ఎదురు తిరిగాయి. బుద్ధుడు వాగుకు ఇవతలే కూర్చున్న ఆదివారం, ముందురోజు పెళ్లి విందులో అబ్దుల్ బిర్యానీ రెండోసారి వడ్డించుకున్నాడు. చింతచెట్టు దాటి వెళ్లిన ఆదివారం, డాక్టరు మాత్ర మార్చి అప్పటికి వారం. జ్వరం వచ్చి తగ్గిన వారం బుద్ధుడు పాపం రోడ్డు పక్కనే కూలబడ్డాడు. మొత్తం కలిపి చూస్తే, ఒకడుగు వెనక్కి వేసినా రెండడుగులు ముందుకే వేస్తూ, ఆయన నెలనెలా గుట్ట వైపే జరుగుతున్నాడు.

ఈలోగా అబ్దుల్ నడిచి వచ్చాడు. ఛాతీ నిటారుగా, దువ్వుకున్న మీసంతో. రషీదాను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"గంత స్పీడ్ ఎందుకు నీకు? పాపం, గిడియోన్ సాబ్‌ను చూసినవా? ఆయనకు దమ్ము లేదు."

"ఎవరికి?" అంది రషీదా.

"ఆయనకే! గందుకే నాలుగడుగులకొక ముచ్చట పెడ్తడు. నాకు మొదటి దినమే సమజైంది. అడిగితే ఇజ్జత్ పోతదని నేను ఎన్నడు అడగలే. వారం వారం నేను వచ్చేదే ఆయన కోసం. నేనొక్కన్ని ఎనక తోడు లేకుంటే, మీ అసుంటి ఉరికేటోళ్ల నడుమ ఆ మనిషి ఏం గావాలె?"

రషీదా దుపట్టా కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆపుకోవడానికో ఇంకో దానికో ఆమెకే తెలియలేదు.

టోపీ ఆయన దగ్గరికొచ్చాడు. "ఆగాం కదా మేడమ్, ఇక్కడేమైనా విశేషం ఉందా?"

ఆమె చుట్టూ చూసింది. కొన్ని రాళ్లు. అణిగిపోయిన నీళ్ల సీసా. మేకపెంటికలు. బతుకులో ఎన్నడూ నల్లబల్ల మీద కావాలని తప్పు సంవత్సరం రాయని చెయ్యి గుప్పిట్లో గుండీని గట్టిగా నొక్కింది.

"ఉంది," అంది. "ఇక్కడ... భిక్షువులు... కాళ్లు బెణికితే... కూర్చునేవారు."

గిడియోన్ గారు కళ్లు మూసుకున్నారు. ఇంత నాసిరకం అబద్ధం ఆయన తన సర్వీసులో వినలేదు.

"ఏ కాలంలో మేడమ్?"

"అన్ని కాలాల్లో."

ఇక లాభం లేదని గిడియోన్ గారు బెణికిన రెండు కాళ్ల మీదా లేచి నిలబడ్డారు. "టీచరమ్మ మర్యాదకు చిన్నగ చెప్తున్నరు. గిది పెద్ద దవాఖాన! గీ రాళ్లన్నీ మంచాలే. ఒక్కొక్క మంచం మీద జరసేపు కూసోకుండ పైకి పోతే యాత్ర కానట్టే. కూసోండ్రి, కూసోండ్రి!"

సిటీ వాళ్లు మురిసిపోయి తలా ఒక మంచం మీద కూర్చుని ఫోటోలు దిగారు. "పాపం, ఆయన ఒక్కడే కూసుంటే ఏం బాగుంటది?" అంటూ అబ్దుల్ కూడా ఒక రాయి చూసుకుని హాయిగా కూర్చున్నాడు. అందరికన్నా చివర లేచింది అతనే. ఆ రోజు గుట్ట పైకి చేరేసరికి తెచ్చుకున్న పులిహోర ఎండకు పులిసిపోయింది. సిటీ వాళ్లు వచ్చే నెల ఇంకో బస్సు నిండా వస్తామన్నారు. పాత ఇటుకల గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు.

అప్పట్నుంచి బుద్ధుడి బాటలో అబద్ధాలు ఇద్దరు చెబుతున్నారు. సుమన గడియారాన్ని ఇంట్లో పెట్టి వస్తోంది. గిడియోన్ గారికి మాత్రం కొత్త మనిషి పనితనం నచ్చలేదు.

"టీచరమ్మా, అబద్ధం జర అతికినట్టు ఉండాలె," అన్నారు మొన్న. "పోయినవారం గీ చిన్న బండ మీద అశోకున్ని, ఆయన మంత్రిని, ఏనుగును గూడ కూసోబెట్టిండ్రు. పట్టుతరా?"

"పల్లెవెలుగుల పట్టరా సార్?" అంది రషీదా. "సర్దుకుంటరు."

 గిడియోన్ గారు వెనక్కి నడుస్తూ ఆలోచనలో పడి, తుమ్మపొదలోకి వెళ్లి ఇరుక్కున్నారు. ముళ్ల మధ్య నుంచే ఆయన కళ్లు మనుషుల తలల మీదుగా వెనక వరస దాకా వెళ్లి, రషీదా వైపు తిరిగి, ఒకసారి రెప్పవేశాయి.

"హోల్డాన్!" అని అరిచింది రషీదా టీచర్, బళ్లో ఆఖరి బెంచీకి వినిపించే గొంతుతో.

కాసేపటికి అబ్దుల్ వచ్చి పక్కన నిలబడ్డాడు. రెండో గుండీ తిప్పుకుంటూ, పొదలో చొక్కా విడిపించుకుంటున్న గిడియోన్ గారి వైపు జాలిగా చూశాడు.

"మళ్లా దమ్ము పట్టిందా ఆయనకు?"

"ఆఁ," అంది రషీదా, ముందుకే చూస్తూ. "పాపం."